మన కప్పు కింద ఎవరెవరున్నారు?

సిగ్నల్స్ కోర్‌లో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. తీగ లాగడం, రేడియో సెట్టు నిలబెట్టడం, వచ్చిన సందేశం అది చెప్పుకున్న చోటి నుంచే వచ్చిందా అని తేల్చుకోవడం మా పని. మాది పశ్చిమ గోదావరిలో సైన్యానికి తరతరాలుగా పిల్లల్ని పంపిన మిలిటరీ మాధవరం. పింఛను మొదలయ్యాక ఊరికి వెళ్ళలేదు, సికింద్రాబాద్ సైనిక్‌పురిలోనే స్థిరపడ్డాను. ఇక్కడ చాలా గేట్ల మీద పేరుకు ముందు ఏదో ఒక సైనిక హోదా కనిపిస్తుంది. చుట్టూ ఖాళీ జాగా, చెట్లు ఉన్న ఒంటి ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. ఇళ్ళలో మిగిలింది పెద్దవాళ్ళం, మాకు తోడుగా పిల్లలు బిగించి వెళ్ళిన కెమెరాలు, స్పీకర్లు, బల్బులు.

మాకు కూతవేటు దూరంలో ఈసీఐఎల్ ఉంది. 1967లో మొదలై, 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసిన సంస్థ. ఇంకో వైపు తిరుమలగిరిలో సైన్యానికి ఎలక్ట్రానిక్స్ నేర్పే కళాశాల. ఇంత విద్య చుట్టూ ఉన్న చోట కూడా “మీ వై-ఫైకి ఎన్ని వస్తువులు కలిసి ఉన్నాయి?” అని అడిగితే తడుముకోకుండా చెప్పే ఇల్లు నాకు అరుదుగా తగిలింది. రౌటర్ యాప్‌లో తెలియని పేరు కనిపించి గుండె జారినప్పుడు మాత్రం “సుబేదార్‌గారూ, ఒక్కసారి వచ్చి చూస్తారా?” అని ఫోన్ వస్తుంది. అలా చూస్తూ నేర్చుకున్నవి కొన్ని. ఆలస్యంగా నేర్చుకుని బాధపడ్డవి కొన్ని. రేపు మీ అమ్మానాన్నల ఇంటి రౌటర్ చూసుకోవలసింది మీరే కాబట్టి మీకోసం రాస్తున్నాను.

1. మనవాళ్ళ లెక్క తెలిస్తేనే పరాయివాడు తెలుస్తాడు.

పలటన్‌లో రోజూ గినతీ ఉంటుంది. జవాన్లను వరుసలో నిలబెట్టి లెక్కిస్తారు. సెలవులో ఎవరున్నారు, ఆసుపత్రిలో ఎవరున్నారు, డ్యూటీలో ఎవరున్నారు అన్నది ముందే రాసి ఉంటుంది కాబట్టి ఒక్కడు తగ్గినా, ఒక్కడు ఎక్కువైనా క్షణంలో తెలిసిపోతుంది. ఇంటి నెట్‌వర్క్‌కి కావలసింది ఆ గినతీయే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు రౌటర్‌లో జాబితా తెరుస్తారు, తెలియని పేర్లు చూస్తారు, కంగారుపడతారు. నేను చెప్పేది ఏమిటంటే, జాబితా తెరవకముందే ఒక నోటుపుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరగండి. హాల్లో టీవీ, సెట్‌టాప్ బాక్స్, మాట్లాడే స్పీకర్. పడకగదిలో ఏసీ, బల్బు, చేతి గడియారం. వంటింట్లో నీళ్ళ ఫిల్టరు. మెట్ల కింద ఇన్వర్టర్. మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళకు దాని ఇన్వర్టర్ అడుగున వేలెడంత పరికరం ఒకటి వేలాడుతుంటుంది, అదీ వై-ఫై మీదే బతుకుతుంది. గేటు దగ్గర కాలింగ్ బెల్, కెమెరాలు, వాటి డీవీఆర్. బీరువాలో మనవడు వదిలి వెళ్ళిన పాత ట్యాబ్. పదిలోపే ఉంటాయని ఇంటివాళ్ళు గట్టిగా చెప్పిన చోట అంతకు రెట్టింపు తేలడం నాకు మామూలైపోయింది.

పుస్తకంలో వస్తువు పేరు, ఏ గదిలో ఉంది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు అన్నవి రాయండి. “ఎవరు తెచ్చారు” అన్న గడిని కొట్టివేయకండి. సగం చిక్కులు విడిపోయేది అక్కడే. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కొడుకు ఒక బల్బు మార్చి, ఆ సంగతి చెప్పడం మరచి విమానం ఎక్కేస్తాడు. నాలుగు నెలల తరువాత ఆ బల్బే ఇంట్లో దూరిన దొంగలా కనిపిస్తుంది.

2. జాబితాలో కనిపించే పేరు వస్తువుది కాకపోవచ్చు.

వై-ఫైకి కలిసే ప్రతి పరికరానికీ మ్యాక్ అడ్రసు అని ఒక సంఖ్య ఉంటుంది. 48 బిట్లు, రాతలో పన్నెండు అక్షరాలు, రెండేసి చొప్పున ఆరు జతలు. మొదటి మూడు జతలను ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ తయారీదారులకు కేటాయిస్తుంది. రౌటర్ ఆ మూడు జతలూ చదివి, అవి ఎవరివో చూసి, ఆ కంపెనీ పేరు చూపిస్తుంది. అయితే చాలాసార్లు ఆ కంపెనీ చేసింది లోపలి రేడియో ముక్కను మాత్రమే, బయట మనం కొన్న వస్తువును కాదు. మీ టీవీ మురాటా అన్న పేరుతో కనిపించవచ్చు. ల్యాప్‌టాప్ ఇంటెల్ అని కనిపించవచ్చు. హాన్ హాయ్ అని ఉంటే అది ఫాక్స్‌కాన్ అసలు పేరు. ఆ కంపెనీ ఎన్నో బ్రాండ్లకు వస్తువులు తయారుచేసి ఇస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే పేరు ఎస్ప్రెసిఫ్. 2008లో షాంఘైలో మొదలైన కంపెనీ ఇది. 2014లో వాళ్ళు తెచ్చిన చవక వై-ఫై చిప్పు, దాని తరువాత వచ్చినవి ప్రపంచంలోని లెక్కలేనన్ని ప్లగ్గుల్లో, బల్బుల్లో, స్విచ్చుల్లో ఉన్నాయి. పెట్టె మీద మన దేశపు బ్రాండ్ ఉన్నా లోపల ఉన్న చిప్పు వాళ్ళదే కావచ్చు.

మా పక్క వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త సైన్యంలో పెద్ద హోదాలో చేసి పోయారు. ఆవిడ ఒక రాత్రి జాబితాలో ఆ పేరు చూశారు. అది చైనా కంపెనీ అని ఎవరో చెప్పారు. సరిహద్దులో భర్తను ఉంచి, ఏళ్ళ తరబడి ఇక్కడ పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. ఆ మాట ఆవిడకు ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో అన్ని ప్లగ్గులూ పీకేసి, రెండు రోజులు టీవీ కూడా పెట్టకుండా కూర్చున్నారు. తీరా చూస్తే అది కూతురు గీజర్‌కు పెట్టి వెళ్ళిన ప్లగ్గు. స్నానం వేళకు నీళ్ళు వేడెక్కి ఉండాలని అమ్మ కోసం పెట్టింది. దాని పేరును ఆ రోజే యాప్‌లో “పెద్ద బాత్‌రూమ్ గీజర్” అని తెలుగులో మార్చాను. పేరు మార్చే వీలు చాలా రౌటర్లలో ఉంటుంది, ఎవరూ వాడరు. వస్తువు కొన్న రోజే ఆ పని చేస్తే పెద్దవాళ్ళకు నిద్ర పడుతుంది.

3. ముసుగు వేసుకున్న ప్రతివాడూ దొంగ కాడు.

ఇది నేను ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం. ఆ ఖరీదు ఇంకొకరు కట్టారు.

మా పైపోర్షన్‌లో ఒక కుటుంబం అద్దెకు ఉండేది. తండ్రిది చర్లపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో పని, కొడుకు ఇంటర్. వచ్చిన కొత్తలో మా వై-ఫైయే వాడుకోమన్నాను. తరువాత వాళ్ళు సొంత కనెక్షన్ పెట్టుకున్నారు. ఇక మా పాస్‌వర్డ్ వాడరు కదా అనుకున్నాను. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, నెట్ నెమ్మదించింది. జాబితాలో పేరు లేని పరికరం ఒకటి రోజూ రాత్రి పదింటికి వచ్చి చేరడం గమనించాను. మా ఇంట్లో వస్తువులన్నిటి అడ్రసులూ పుస్తకంలో ఉన్నాయి. మా ఇంటావిడకు అంతకు కొన్ని వారాల ముందే కొన్న కొత్త ఫోన్ అడ్రసును కూడా దాని సెట్టింగుల్లోంచే చూసి రాసుకున్నాను. దేనితోనూ కలవలేదు. ఆ పిల్లవాడే అని నిశ్చయించుకున్నాను. మెట్ల మీద నిలబెట్టి, తండ్రి వింటుండగా, కటువుగా మాట్లాడాను. “నేను కాదు తాతగారూ” అన్నాడు. నా దగ్గర రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది కాబట్టి వాడి మాట వినలేదు.

అది మా ఇంటావిడ ఫోనే. పడుకునే ముందు అందులో ప్రవచనం వినేది.

జరిగింది ఇది. దుకాణాలూ మాల్‌లూ మ్యాక్ అడ్రసును బట్టి మనుషుల రాకపోకలను పసిగట్టడం మొదలుపెట్టాక ఫోన్లు తయారుచేసేవాళ్ళు దానికి విరుగుడు తెచ్చారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్ తన అసలు అడ్రసు దాచి, ఒక్కో వై-ఫైకి ఒక్కో కల్పిత అడ్రసు చూపించడం మామూలైంది. ఫోన్ గురించిన వివరాల పేజీలో ఉండేది అసలు అడ్రసు. రౌటర్‌కు కనిపించేది కల్పితం. ఆ వై-ఫై పేరు మీద నొక్కి లోపలికి వెళ్తే అక్కడ ఏ అడ్రసు వాడుతోందో ఉంటుంది. నేను అక్కడ చూడలేదు. ఇంకా సులువైన గుర్తు ఒకటుంది. పన్నెండు అక్షరాల్లో రెండోది 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కంపెనీ ఇచ్చిన అడ్రసు కాదు, పరికరం తానే పెట్టుకున్నది. ఇలాంటిది కనబడితే ముందు మీ ఇంట్లో ఫోన్లు వెతకండి. ఇంట్లో వాడే వై-ఫై వరకు ఆ ముసుగు తీసేసే వీలు కూడా ఫోన్‌లో ఉంటుంది. గినతీ సరిగ్గా సాగాలంటే అలా తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. బయట మాత్రం ఉంచండి.

నిజం తెలిసేసరికి ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. తండ్రికి ఫోన్ చేసి చెప్పాను. “పోనీలెండి సార్” అన్నాడు. పిల్లవాడితో మాట్లాడతానంటే ఇవ్వలేదు. సాంకేతిక సాక్ష్యం చేతిలో ఉన్నప్పుడు మనిషి గొంతులో నిజం వినడం మానేస్తాం. మీ తరం చేతిలో ఇలాంటి సాక్ష్యాలు నాకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి. పనిమనిషి మీద, అద్దెకున్నవాళ్ళ మీద, పక్కింటి కుర్రాడి మీద వేలు చూపించే ముందు మీ ఇంట్లో అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే వై-ఫై ఆపి చూడండి. పావుగంట పని.

4. పిలవండి, పలకకపోతే విడదీసి చూడండి.

రాత్రి కాపలాలో సంత్రీ “థమ్! కౌన్ ఆతా హై?” (ఆగు! ఎవరది?) అని అడుగుతాడు. జవాబును బట్టి తరువాతి పని. నెట్‌వర్క్‌లో కూడా అడగవచ్చు. పింగ్ అని ఒక పిలుపు ఉంది, కాని దానికి చాలా పరికరాలు కావాలనే పలకవు, నిద్రలో ఉన్న ఫోన్లూ పలకవు. ఏఆర్‌పీ అని 1982 నాటి పద్ధతి ఇంకొకటుంది. “ఈ ఐపీ అడ్రసు ఎవరిది?” అని అడిగితే, నెట్‌వర్క్‌లో మేలుకుని ఉన్న పరికరం తన మ్యాక్ అడ్రసు చెప్పక తప్పదు, చెప్పకపోతే దానికి సమాచారమే చేరదు. ఎన్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాం 1997 నుంచి ఉంది. ఇంటి నెట్‌వర్క్ మీద నడిపితే అది ఈ పిలుపులన్నీ తానే పిలిచి వివరాలు తెస్తుంది. పోర్టులు అనే నంబరు వేసిన తలుపుల్లో ఏవి తెరిచి ఉన్నాయో కూడా చెబుతుంది. 554 తెరిచి ఉంటే దాదాపుగా కెమెరా. 9100 తెరిచి ఉంటే ప్రింటరు. ఫోన్‌లో వాడుకునే ఇలాంటి యాప్‌లూ ఉన్నాయి. మీ సొంత ఇంటి మీదే వాడండి. పక్కవాళ్ళ నెట్‌వర్క్ మీద ప్రయోగాలు చేయడం చట్టరీత్యా చిక్కు, మర్యాదా కాదు.

ఇవేవీ రాకపోయినా ఫరవాలేదు. ఒక్కో వస్తువు స్విచ్ ఆపుతూ, జాబితాలో ఏది మాయమైందో చూస్తే చాలు. ఇంకో మనిషి రౌటర్ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడితే పని తొందరగా అవుతుంది. జాబితా వెంటనే మారకపోతే కంగారుపడకండి. రౌటర్ ఒక్కో పరికరానికి ఐపీ అడ్రసును కొంత గడువుకు ఇస్తుంది, చాలాచోట్ల అది ఒక రోజు. నిన్న వచ్చి వెళ్ళిన మేనల్లుడి ఫోన్ ఇవాళ కూడా జాబితాలో ఉండవచ్చు.

అప్పటికీ తేలకపోతే ఆ తెలియని పరికరాన్ని బ్లాక్ చేసి, ఇంట్లో ఎవరు “నెట్ రావట్లేదు” అంటారో వేచి చూడమని చెబుతారు. మంచి ఉపాయమే. కాని పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక్క జాగ్రత్త. నిద్రలో ఊపిరి కోసం పెట్టుకునే యంత్రం, పడిపోతే పిల్లలకు కబురు పంపే గడియారం, గుండె లయ చూసే పరికరం ఇలాంటివి కూడా వై-ఫై మీద ఉండవచ్చు. అవి ఇంట్లో లేవని తేల్చుకున్నాకే బ్లాక్ చేయండి, పగటి పూటే చేయండి.

5. పాస్‌వర్డ్ ఇచ్చినంత సులువుగా తిరిగి రాదు.

సంక్రాంతికి వచ్చిన బంధువులు, బోనాలకు వచ్చిన స్నేహితులు, ఏసీ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు, నర్సమ్మ, వాచ్‌మన్ కూతురు, అందరికీ ఇచ్చాం. ఇవ్వకపోతే మన మర్యాదకు లోటు. చాలా ఇళ్ళలో ఆ పాస్‌వర్డ్ ఇంటాయన ఫోన్ నంబరే. కనెక్షన్ ఇచ్చినప్పుడు నెట్ అబ్బాయి ఏది పెట్టాడో ఏళ్ళ తరబడి అదే. దీనివల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళకు నేను 2008 సంగతి చెబుతాను.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైని లైసెన్స్ లేకుండా వాడుకునే వీలు 2005లో వచ్చింది. నాలుగేళ్ళు తిరగకుండా, 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక బెదిరింపు మెయిల్ వెళ్ళింది. ఆ జాడ పట్టుకుని వెళ్ళిన పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికా పౌరుడి ఫ్లాటు తలుపు తట్టారు. ఆయన వై-ఫైకి తగిన రక్షణ లేదు, బయటివాళ్ళు దాన్ని వాడుకున్నారు. సెప్టెంబరు 13 ఢిల్లీ పేలుళ్ళప్పుడు కూడా ముంబై చెంబూరులోని ఒక కంపెనీ వై-ఫైని అలాగే వాడారు. 2009లో టెలికాం శాఖ వై-ఫై భద్రత గురించి కనెక్షన్లు ఇచ్చే సంస్థలకు ఆదేశాలు జారీ చేయడానికి వెనక ఉన్నవి ఇవే. ఏ తప్పూ చేయని మనిషి ఇంటికి దర్యాప్తు రావడానికి తాళం లేని వై-ఫై చాలింది. ఎందుకంటే బయటి ప్రపంచానికి మీ ఇంట్లో ఫోన్లన్నీ కలిపి ఒక్క ఐపీ అడ్రసుగానే కనబడతాయి. ఆ అడ్రసు మీ పేరు మీద ఉంటుంది.

అతిథులకు వేరే పేరుతో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. బల్బులు, ప్లగ్గులు, కెమెరాలను కూడా అందులోనో, వీలైతే ఇంకొక దానిలోనో ఉంచండి. పెద్ద పండుగ అయిపోయాక గెస్ట్ పాస్‌వర్డ్ మార్చండి, ఎవరూ నొచ్చుకోరు. రౌటర్ మీద బటన్ నొక్కితేనో, ఎనిమిది అంకెల పిన్ కొడితేనో కలిసిపోయే డబ్ల్యూపీఎస్ అన్న సౌకర్యం ఉంటే ఆపేయండి. ఆ ఎనిమిది అంకెల్లో చివరిది లెక్క సరిచూడటానికే. మిగిలిన ఏడింటినీ రౌటర్ నాలుగు, మూడుగా విడగొట్టి సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దాన్ని పట్టేయవచ్చని 2011 డిసెంబరులో స్టెఫాన్ వీబాక్ అనే పరిశోధకుడు చూపించాడు.

6. కాపలాకు పెట్టినదాన్నే ముందు తనిఖీ చేయండి.

మా కాలనీలో కెమెరా లేని గేటు ఇప్పుడు తక్కువ. పోలీసుల ‘నేను సైతం’ పిలుపుతో కొన్ని, పిల్లల బెంగతో కొన్ని. నేను చూసిన తెలియని పరికరాల్లో నిజంగా ఆందోళన కలిగించినవి ఎక్కువగా ఈ కెమెరాల చుట్టూనే ఉన్నాయి. బయటివాడు వచ్చి పెట్టినవి కావు, మనమే డబ్బిచ్చి పెట్టించుకున్నవి.

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల పాటు తెరుచుకోలేదు. అలాంటి సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీద జరిగిన దాడి అది. దాడికి వాడినవి పెద్ద కంప్యూటర్లు కావు. ఇళ్ళలో, దుకాణాల్లో ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు. మిరాయ్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్ అంతా తిరుగుతూ, ఫ్యాక్టరీలో పెట్టిన అరవైకి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలను ఒక్కొక్కటే ప్రయత్నించి వాటిలోకి దూరింది. యజమానులకు ఏమీ తెలియదు. వాళ్ళ గేటు కెమెరా గేటును చూపిస్తూనే ఉంది. స్విచ్ ఆపి వేస్తే మిరాయ్ పోయేది, పాస్‌వర్డ్ మార్చకపోతే మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఒక స్నేహితుడి ఇంట్లో డీవీఆర్ చూశాను. బిగించినవాడు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌నే వదిలేశాడు. పైగా పిల్లలు విదేశం నుంచి చూసుకోవడానికి అని రౌటర్‌లో బయటికి ఒక దారి తెరిచి వెళ్ళాడు. అంటే ఆ దారి తెలిసిన ఎవరైనా ఆ హాలు చూడవచ్చు. హాల్లోనే మా స్నేహితుడి భార్య మంచం. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం అన్నీ అక్కడే. నేను చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పాస్‌వర్డ్ మార్చాం, ఆ దారి మూసేశాం, హాలు కెమెరాను గుమ్మం వైపు తిప్పాం. కొడుకు ముందు ఒప్పుకోలేదు, అమ్మను చూడాలనే బెంగ వాడిది. రోజూ ఒక వేళకు వీడియో కాల్ చేయమన్నాం. పిల్లలకు ఇక్కడ ఒక మాట. అమ్మానాన్నల గదిలో కెమెరా పెట్టే ముందు వాళ్ళను అడగండి. ఎక్కడ పెడుతున్నారో చూపించండి. ఎవరెవరు చూడగలరో చెప్పండి.

2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. మంచి నిర్ణయం. కాని అంతకుముందు గోడలకు ఎక్కినవి అక్కడే ఉన్నాయి. ఇంట్లో పరికరానికి ఇలాంటి జబ్బు పట్టిందన్న అనుమానం ఉంటే 2017లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉంది, శుభ్రం చేసే ఉచిత పనిముట్లు అక్కడ దొరుకుతాయి.

7. పాత రౌటర్ తనంతట తాను పింఛను తీసుకోదు.

దాన్ని మనమే దించాలి. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే ప్రోగ్రాం 54 దేశాల్లో దాదాపు 5 లక్షల పరికరాల్లో బయటపడింది, వాటిలో ఎక్కువ భాగం ఇళ్ళలో, చిన్న ఆఫీసుల్లో వాడే రౌటర్లు. రౌటర్లు ఒకసారి ఆపి వేసుకోండని అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను కోరవలసి వచ్చింది. తయారీదారు కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసిన రౌటర్‌ను వాడకండి. పాత సామాన్లవాడికి వేసే ముందు వెనక ఉన్న సన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి రీసెట్ చేయండి. పనిమనిషి పిల్లవాడికి ఇచ్చే పాత ఫోన్ విషయమూ అంతే. అందులో మీ వై-ఫై పాస్‌వర్డ్ ఉంటుంది. వాడు మీ గేటు పక్కన నడిచిన ప్రతిసారీ ఆ ఫోన్ తనంతట తాను కలుస్తుంది, మీరు వాణ్ణి అనుమానిస్తారు. ఇవ్వడం మంచిదే, తుడిచి ఇవ్వండి.

8. కంగారుపడ్డ ఇంటికే మోసగాడి ఫోన్ వస్తుంది.

“మీ వై-ఫై హ్యాక్ అయింది, మీ ఐపీ నుంచి నేరం జరిగింది” అని ఒక గొంతు చెబుతుంది. పోలీసునంటాడు, టెలికాం అధికారినంటాడు. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటాడు. సైనిక్‌పురి, యాప్రాల్, నేరేడ్‌మెట్ వంటి చోట్ల పింఛనుదార్లు ఎక్కువ, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎక్కువ. జాబితాలో తెలియని పేరు చూసి అప్పటికే బెదిరి ఉన్న మనిషికి ఆ గొంతు నిజమనిపిస్తుంది. క్రమశిక్షణలో బతికిన మనిషి అధికారి స్వరం వినగానే లేచి నిలబడతాడు. మా వాళ్ళను మోసగాళ్ళు పట్టుకునేది ఆ అలవాటు మీదే, అది తలుచుకుంటే నాకు కోపం ఆగదు. ఫోన్‌లోనే అరెస్టు చేశామని వాళ్ళు బెదిరించే డిజిటల్ అరెస్టు అన్నది చట్టంలో లేదు. ఏ పోలీసూ ఫోన్‌లో మీ రౌటర్ పరిశీలించడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

నిజంగానే పరాయి పరికరం దొరికిందనుకోండి. తేదీ, వేళ, మ్యాక్ అడ్రసు రాసుకోండి, తెర ఫోటో తీయండి. అది అయ్యాక మొదట రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, ఆ వెనక వై-ఫై పాస్‌వర్డ్ మార్చండి. చాలామంది రెండోది మార్చి మొదటిది వదిలేస్తారు. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాడు మీ కొత్త వై-ఫై పాస్‌వర్డ్‌ను లోపలికి వచ్చి చదువుకోగలడు.

9. ఈ విద్య ఇంట్లో ఇద్దరికి తెలియాలి.

మా స్నేహితులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వెళ్ళిన తరువాత ఆ ఇళ్ళకు వెళ్తే ఒకే దృశ్యం. బ్యాంకు కాగితాలు, పింఛను కాగితాలు ఫైళ్ళలో చక్కగా ఉంటాయి. రౌటర్ పాస్‌వర్డ్ మాత్రం ఆయనతోనే పోయింది. కెమెరాలు ఆయన ఫోన్‌లోనే తెరుచుకుంటాయి, ఆ ఫోన్ ఆయన వేలిముద్రతో తెరుచుకుంటుంది. ఒక ఇంట్లో ఇన్వర్టర్ నుంచి వచ్చే హెచ్చరిక ఎవరి ఫోన్‌కూ రాక, బ్యాటరీ పాడయ్యేదాకా తెలియలేదు. భార్యకు చెప్పవలసిన అవసరం ఏముంది, నేనున్నాను కదా అని మా తరం మగవాళ్ళం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను, నా పుస్తకం చాలాకాలం ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో, నాకొక్కడికే అర్థమయ్యేట్టు ఉండేది.

ఇప్పుడది తెలుగులో, గదుల వారీగా, పెద్ద అక్షరాల్లో ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిన కవరు పింఛను పుస్తకంతో పాటు బీరువాలో ఉంది. నెలకొకసారి గినతీ చేసేది మా ఇంటావిడే. నేను పక్కన కూర్చుంటాను, అడిగితేనే చెబుతాను. పోయిన నెల జాబితాలో ఒక పేరు దగ్గర ఆగి, “ఏమండీ, ఇది రెండోది 6 ఉంది, ఎవరిదో ఫోనే అయివుంటుంది. మధ్యాహ్నం మీ చెల్లెలి మనవరాలు వచ్చింది కదా, కనుక్కుంటాను” అని ఆ పిల్లకు ఫోన్ చేసింది. ఆ పిల్లదే. గెస్ట్ నెట్‌వర్క్‌కి కాకుండా మా సొంత దానికి కలిసింది, పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే. ఆ సాయంత్రమే మా ఇంటావిడ పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది నాకు కూడా కాగితం మీదే రాసి ఇచ్చింది.